మురుగున్నంత కాలం మనది, శుద్ధయితే కంపెనీదా?

పోయిన యాసంగిలో కలుపులప్పుడు పిలాయిపల్లి కాల్వ కింద ఒక ఊరికి పోయినాను. మడిలో పన్నెండు మంది ఆడకూలీలు వంగి కలుపు తీస్తున్నారు. మోకాళ్ల దాకా పాత చీరె ముక్కలు చుట్టుకున్నారు. కాల్వ తూము దగ్గర సబ్బు నురుగు లాంటి తెల్లని నురుగు లేస్తున్నది. అన్నం వేళకు గట్టెక్కిన ఒకామె చుట్టిన గుడ్డ విప్పి కాలు చూపింది. వేళ్ల సందులు నాని పుండ్లు పడ్డాయి, పిక్కల నిండా దద్దుర్లు. ఆమె నన్ను రెండు మాటలు అడిగింది.

"అన్నా, పట్నంల మురికినీళ్లు కడిగే మిషన్లు పెడుతున్నరంట గద. ఇగ మా కాళ్లకు ఈ దురద పోతదా? పోతే మంచిదే. గని నీళ్లు మంచిగయినంక మాకే ఇడుస్తరా?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇంజనీర్లున్నారు. రెండో ప్రశ్న ఏ టెండరు కాగితంలోనూ ఎవరూ అడగలేదు. మడిలో నిలబడ్డ కూలీ అడిగింది. మురుగు శుద్ధి ప్లాంట్లను ప్రయివేటు కంపెనీల చేతుల్లో పెడుతున్న ఈ రోజుల్లో వ్యవసాయ కార్మికులు పట్టుకోవలసిన కొస అదే.

ఈ మురుగు మన మీదికి ఎట్ల వచ్చింది?

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడుమ నుంచి పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 వరదల తర్వాత నిజాం ప్రభుత్వం నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. అప్పటి నుంచి వానకాలపు వరదలు తప్ప మంచినీరు ఎగువనే ఆగిపోతున్నది. నగరం పెరిగిన కొద్దీ కింద పారేది నగరపు మురుగే అయింది. ఆ మురుగే కత్వల మీద ఆగి, పిలాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాల్వల్లోకి మళ్లి, భువనగిరి, నల్లగొండ ప్రాంతాల పొలాలకు చేరుతున్నది.

ఈ నీటి వల్ల మనకు నష్టమే గాని లాభం లేదా అంటే, నిజం చెప్పుకోవాలి. లాభం కూడా ఉన్నది. ఎండాకాలంలో కూడా ఆగని నీరిది. చుట్టుపక్కల బోర్లు ఎండినప్పుడు కూడా ఈ కాల్వల కింద రెండు పంటలు పండాయి. నగరం అంచున ఉన్న ఊళ్లల్లో పచ్చగడ్డి కోసి, మోపులు కట్టి, పట్నం బర్రెల కొట్టాలకు పంపి బతికిన కూలీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కరువు కాలంలో వలసపోకుండా వాళ్లను ఊళ్లో నిలిపింది ఈ మురికినీరే. అదే నీరు ఒంటికి దురద తెచ్చింది, తాగే బావిని చెడగొట్టింది. వరి ఏపుగా పెరిగి పడిపోయేట్టు చేసింది, చేపను చంపింది. కూలి, జబ్బు రెండూ ఒకే కాల్వలో వచ్చాయి.

కాబట్టి మురుగు శుద్ధి కావాలని అందరికంటే ముందు కోరేది మనమే. శుద్ధి ప్లాంట్లు మనకు శత్రువులు కావు. వాటిని ఎవరు కడుతున్నారు, ఏ షరతుల మీద నడుపుతున్నారు, చివరికి నీరు ఎవరికి పోతున్నది అన్నవే మన ప్రశ్నలు.

కంపెనీ పెట్టుబడి అంటే ఎవరి పైసలు?

2021లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదుకు 31 కొత్త శుద్ధి ప్లాంట్లు మంజూరు చేసింది. ఖర్చు సుమారు 3,866 కోట్ల రూపాయలు. వాటి శక్తి రోజుకు 1259.5 మిలియన్ లీటర్లు, అంటే దాదాపు 126 కోట్ల లీటర్లు. అప్పటికి నగరంలో పుడుతున్న మురుగు రోజుకు 165 కోట్ల లీటర్లు. ఉన్న పాత ప్లాంట్ల శక్తి 77 కోట్ల లీటర్లు. సగానికి పైగా మురుగు ఏ శుద్ధీ లేకుండానే మన మీదికి వచ్చిందన్న మాట. కొత్త పనిని మూడు ప్యాకేజీలు చేసి కంపెనీలకు అప్పగించారు. ఆ ప్లాంట్లు ఒక్కొక్కటిగా మొదలవుతూ వచ్చాయి. తర్వాత అమృత్ 2.0 పథకం కింద మరో 39 ప్లాంట్లు తలపెట్టారు. వాటిలో అత్యధిక భాగం 'హైబ్రిడ్ యాన్యుటీ' అనే పద్ధతిలోనివి.

ఈ పేరు వినగానే భయపడనక్కర లేదు. విప్పి చూస్తే మనకు తెలిసిన లెక్కే. మురుగు శుద్ధిలో ఈ పద్ధతికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం గంగా నది పథకం కోసం ఆమోదం తెలిపింది. 2017 అక్టోబరులో హరిద్వార్, వారణాసి ప్లాంట్లకు మొదటి ఒప్పందాలు జరిగాయి. అక్కడి షరతులు ఇవి: కట్టడానికయ్యే ఖర్చులో నూటికి 40 రూపాయలు పని జరుగుతుండగానే ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 60 కంపెనీ తెచ్చి పెడుతుంది. ప్లాంటు మొదలైన తర్వాత ఆ 60ని 15 ఏండ్ల పాటు వాయిదాల మీద, మిత్తితో సహా ప్రభుత్వమే తిరిగి కడుతుంది. నడిపే ఖర్చు దీనికి వేరే.

ఇప్పుడు చెప్పండి, పెట్టుబడి ఎవరిది? నలభై మనది. అరవై కూడా మనదే, మిత్తి ఎక్కువ. కంపెనీ ఆ అరవైని ఎక్కడి నుంచి తెస్తుంది? ఎక్కువ భాగం బ్యాంకుల్లో అప్పు చేసి తెస్తుంది. ప్రభుత్వానికి అప్పు కంపెనీ కంటే చవకగా దొరుకుతుంది. అయినా కంపెనీ నడుమ నిలబడి ఎక్కువ మిత్తికి తెచ్చి, దాని మీద తన లాభం వేసుకుని, బిల్లు మన ముందు పెడుతుంది. విత్తనానికి, ఎరువుకు షావుకారి దగ్గర చేయి చాచినవాళ్లకు ఈ వ్యాపారం కొత్తదా? పేరు మాత్రమే కొత్తది. ఆ బిల్లు కట్టేది కూడా అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే మనమే, నల్లా బిల్లు కట్టే బస్తీ జనమే.

సర్కారు నడిపితే బాగుందా?

ఈ ప్రశ్న మన సభల్లోనే కొందరు యువకులు అడుగుతున్నారు. అడగవలసిందే. సర్కారు ప్లాంట్లు అద్భుతంగా నడిచాయని మనం చెబితే అబద్ధమవుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో లెక్క చెప్పింది. దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగు 72,368 మిలియన్ లీటర్లు. కట్టిన ప్లాంట్ల శక్తి 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మాత్రమే. నూటికి 28 పాళ్లు! కట్టిన ప్లాంట్లు కూడా పూర్తిగా నడవలేదు. మురుగు తెచ్చే పైపులు వేయకపోవడం, కరెంటుకు పైసలు లేకపోవడం, నేర్పుగల సిబ్బందిని నియమించకపోవడం, చెడిన మోటారు నెలల తరబడి బాగుచేయకపోవడం - ఇవన్నీ మన కండ్ల ముందు జరిగినవే.

కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మునిసిపాలిటీలకు నిధులు కోసినవాళ్లెవరు? ఖాళీ అయిన ఉద్యోగాలు నింపకుండా ఆపినవాళ్లెవరు? ఎద్దుకు మేత పెట్టకుండా ఎండగట్టి, ఇది దున్నలేదు గనుక కిరాయి ట్రాక్టరు పిలుస్తామన్నట్టున్నది పాలకుల వాదన. కంపెనీకి వాయిదా తప్పకుండా చెల్లించడానికి దొరికిన పైసలు, సర్కారు ప్లాంటుకు కరెంటు బిల్లు కట్టడానికి ఎందుకు దొరకలేదు?

మోటారు ఆపితే మిగిలేది ఎవరికి?

శుద్ధి ప్లాంటు ఎట్ల పనిచేస్తుందో కొంచెం తెలుసుకుంటే కంపెనీ లాభం ఎక్కడ దాగి ఉంటుందో తెలుస్తుంది. మొదట జల్లెడలతో చెత్త, ఇసుక తీస్తారు. తర్వాత పెద్ద తొట్లలో మురుగులోకి గాలి ఊదుతారు. ఆ గాలి పీల్చి కంటికి కనపడని సూక్ష్మజీవులు మురికిని తింటాయి. తర్వాత మడ్డి అడుగుకు చేరుతుంది, పైన తేరిన నీటికి క్లోరిన్ వంటిది కలిపి వదులుతారు. గాలి ఊదే యంత్రాలు రాత్రింబగళ్లు నడవాలి. వాటికి కరెంటు విపరీతంగా కావాలి. గాలి తగ్గితే కరెంటు మిగులుతుంది, సూక్ష్మజీవులు చస్తాయి, మురుగు మురుగుగానే బయటికి వస్తుంది. బయటికి వచ్చే నీటిని చూసి మంచిదో చెడ్డదో కంటితో తేల్చలేం. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

లాభం కోసం నడిపేవాడికి ఆ ఖర్చు మీద కన్ను పడడం సహజం. అమెరికాలోని మిల్వాకీ నగరం 1998లో తన మురుగు వ్యవస్థను పదేండ్ల కాంట్రాక్టుకు ఒక ప్రయివేటు కంపెనీకి ఇచ్చింది. కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి పంపులు ఆపారని, దానివల్ల మురుగు బయటికి పొర్లిందని 2003లో ఆ రాష్ట్ర ఆడిటర్లే తేల్చారు. అంత గట్టి ఆడిట్లున్న దేశంలోనే అట్ల జరిగితే, మన దగ్గర అర్ధరాత్రి ప్లాంటులో మోటారు నడుస్తున్నదా లేదా ఎవరు చూడాలి?

నాణ్యత తగ్గితే కంపెనీకి చెల్లింపు కోస్తామని ఒప్పందాల్లో షరతులుంటాయి. ఉండడం మంచిదే. కాని పరీక్ష ఎక్కడ చేస్తారు? ప్లాంటు గేటు లోపల. ఎవరు చూస్తారు? కంపెనీ, అధికారి. ఆ నీటిలో కాలు పెట్టేవాడు ఆ కాగితం ముఖం ఎన్నడూ చూడడు. కేంద్ర ప్రభుత్వం 2017లో మహానగరాల ప్లాంట్ల నీటిలో ఆక్సిజన్‌ను తినే మురికి లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటరాదన్నది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అది చాలదని, 10కి తగ్గించాలన్నది. ఈ అంకెల్లో ఏది మన కాల్వ దాకా చేరుతున్నదో మనకు చెప్పే నాథుడు లేడు.

ఇంకో సంగతి. సూక్ష్మజీవులు ఇంటి మురికిని తింటాయి గాని రసాయనాలను తినవు. పటాన్‌చెరు పరిశ్రమల నీటిని 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేట ప్లాంటు దాకా తెచ్చారు. ఫ్యాక్టరీ విషాన్ని ఇంటి మురుగులో కలిపి పలచన చేస్తే అది శుద్ధి కాదు. ఎన్ని వందల కోట్లతో ఎన్ని ప్లాంట్లు కట్టినా, విషం వదిలేవాణ్ణి గేటు దగ్గరే ఆపకపోతే అది చివరికి మన మడిలోనే తేలుతుంది.

ప్లాంటు లోపల కూడా కూలీలే

ఈ ప్లాంట్ల లోపల పనిచేసేవాళ్లెవరు? మన పిల్లలే. ఊళ్లో పని దొరకక పట్నం పోయి, సబ్ కాంట్రాక్టరు కింద సగం కూలికి కుదిరినవాళ్లు. జల్లెడలో చెత్త తీసేది, మడ్డి ఎత్తేది, లోతు తొట్టిలోకి దిగమంటే దిగేది వాళ్లే.

2023 జూలై 19న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో అలకనంద ఒడ్డున ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. అది నమామి గంగే కింద కట్టిన శుద్ధి ప్లాంటు. నడిపేది ప్రయివేటు కాంట్రాక్టర్లు. రాత్రి అక్కడ పనిచేసే ఒక మనిషి కరెంటు తగిలి చనిపోయాడు. తెల్లవారి పోలీసులు పంచనామాకు వచ్చారు, ఊరివాళ్లు చేరారు. అంతలో మళ్లీ ఇనుప కటకటాలలోకి కరెంటు పారింది. మొత్తం 16 మంది చనిపోయారు. అందులో పోలీసు అధికారి ఉన్నాడు, హోంగార్డులున్నారు. ఒక్క చావు జరిగిన తర్వాత కూడా ఆ ప్లాంటుకు కరెంటు ఆపి, వైర్లు చూసి, తర్వాతనే మనుషులను రానిద్దామన్న పూచీ ఎవరికీ లేకపోయింది. పని ముక్కలు చేసి కాంట్రాక్టు మీద కాంట్రాక్టు ఇచ్చినప్పుడు బాధ్యత కూడా ముక్కలైపోతుంది.

మనుషుల్ని రక్షణ లేకుండా మురుగు కాల్వల్లో, తొట్లలో దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అట్ల చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు చెప్పింది. చట్టమున్నది, తీర్పున్నది. కాంట్రాక్టు కూలీ పేరు హాజరు పుస్తకంలో ఉంటే కదా అవి అక్కరకొచ్చేది!

ఇక ఆమె రెండో ప్రశ్న

నీళ్లు మంచిగయినంక మాకే ఇడుస్తరా?

దేశంలో ఏం జరుగుతున్నదో చూద్దాం. నాగపూరు మురుగును శుద్ధి చేసి కోరాడి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇస్తున్నారు. చెన్నైలో కొడుంగైయూర్, కోయంబేడులో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున బాగా శుద్ధి చేసే ప్లాంట్లు కట్టి, 2019 నుంచి ఫ్యాక్టరీలకు అమ్ముతున్నారు. మథురలో శుద్ధి నీటిని రిఫైనరీకి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఇందులో మంచి లేదని మనం అనం. ఫ్యాక్టరీ తాగునీటి చెరువు జోలికి పోకుండా శుద్ధి చేసిన మురుగు వాడుకుంటే నగరానికి మేలే. కాని దీంతో ఒక మాట తేలిపోయింది. మురుగు ఇప్పుడు పారబోసే వస్తువు కాదు, అమ్మే సరుకు.

సరుకైన మరుక్షణం, ఇది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. నగరం, మా మురుగు గనుక మాదంటుంది. కంపెనీ, మేం కడిగాం గనుక మాకు వాటా ఉన్నదంటుంది. పైసలు పెట్టి కొనే ఫ్యాక్టరీ వరుసలో ముందు నిలబడుతుంది. వందేండ్లుగా ఆ మురికిని ఒంటి మీద మోసినవాళ్లు ఆ వరుసలో ఎక్కడున్నారు? ఎక్కడా లేరు. రైతుకు కనీసం ఆయకట్టు పేరన్నా ఉన్నది, పాసు పుస్తకమున్నది, పోయి అడగడానికి ఒక ఆధారమున్నది. భూమి లేని కూలీకి ఆ కాల్వ మీద కాగితపు హక్కు ఒక్కటి కూడా లేదు. కాల్వలో నీరు సగానికి తగ్గితే రైతుకు ఒక పంట పోతుంది. కూలీకి నాటు పోతుంది, కలుపు పోతుంది, కోత పోతుంది, గడ్డి మోపు పోతుంది. ఆ నష్టానికి ఏ ఆఫీసులోనూ దరఖాస్తు ఫారం లేదు.

రేపే మూసీ నీళ్లు అమ్మేస్తారని నేను చెప్పడం లేదు. అమ్మకుండా ఆపే మాట ఏ ఒప్పందంలో రాసి ఉన్నదో చూపించమంటున్నాను. 15 ఏండ్ల ఒప్పందం మీద సంతకం అయిపోయిన తర్వాత అడిగితే, అప్పుడు కోర్టుకు పొమ్మంటారు. అడగవలసింది ఇప్పుడే.

మనం ఏం అడగాలి?

గ్రామసభల్లో, మండల కార్యాలయాల ముందు, రైతు సంఘాలతో కలిసి వ్యవసాయ కార్మికులు ఈ కోర్కెలు పెట్టాలి.

ఒకటి: ప్రతి ప్లాంటు ఒప్పందం తెలుగులో ప్రచురించాలి. ఏ కంపెనీకి ఎంత ఇస్తున్నారు, ఎన్నేండ్లు ఇస్తున్నారు, ఏం తప్పితే ఎంత కోస్తారు అన్నది పంచాయతీ గోడ మీద ఉండాలి.

రెండు: నీటి పరీక్ష ప్లాంటు గేటు లోపల మాత్రమే కాదు, కాల్వ తూము దగ్గర కూడా జరగాలి. కూలీల ప్రతినిధుల ఎదుట జరగాలి. అక్కడ నీరు చెడితే ప్లాంటుదా, దారిలో కలిసిన నాలాదా తేల్చాలి. ప్లాంటు తప్పయితే కంపెనీ వాయిదా కోయాలి, నాలా తప్పయితే అధికారి జవాబు చెప్పాలి.

మూడు: మూసీ కాల్వల కింది వాడకానికి ఎంత నీరు కావాలో ముందు లెక్కగట్టి, ఆ వాటాకు చట్టబద్ధత కల్పించాలి. అది తీరిన తర్వాతనే ఎవరికైనా అమ్మకం.

నాలుగు: ప్లాంట్లలో కాంట్రాక్టు కార్మికులకు జలమండలి ఉద్యోగులతో సమానమైన వేతనం, హాజరు పుస్తకంలో పేరు, రక్షణ సామగ్రి, బీమా ఉండాలి. తొట్టిలోకి మనిషిని దింపిన కాంట్రాక్టరును జైలుకు పంపాలి.

ఐదు: పరిశ్రమల వ్యర్థాలను ఇంటి మురుగులో కలపడం ఆపాలి.

ఆరు: కాల్వ కింది ఊళ్లల్లో కూలీలకు చర్మవ్యాధుల వైద్యం ఉచితంగా, ఊళ్లోనే అందించాలి. శుద్ధి నీరు నిజంగా వచ్చేదాకా బూట్లు, చేతి తొడుగులు ఇయ్యాలి. ఇవేవీ గొంతెమ్మ కోర్కెలు కావు.

ఇవన్నీ ఒక్క ధర్నాతో వచ్చేవి కావని నాకు తెలుసు. కాని మొదటి పని చిన్నది, ప్రతి ఊళ్లో రేపే చేయగలిగింది. వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెట్టండి: మా కాల్వ నీటి పరీక్ష ఫలితం మాకు చెప్పండి, మా నీటి వాటా కాగితం మీద రాయండి అని. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయండి. ఆ తీర్మానం నకలు సంఘానికి పంపండి. పది ఊళ్ల తీర్మానాలు ఒక్క కట్టగా కట్టి పట్టుకుపోతే, లోపలికి రానివ్వని ఆఫీసు ఉండదు.

ఆ రోజు గట్టు మీద ఆమెకు నేను పూర్తి జవాబు చెప్పలేకపోయినాను. "మనం అడిగితే ఇడుస్తరు, అడగకుంటే అమ్ముకుంటరు" అన్నాను. ఆమె కాలికి మళ్లీ గుడ్డ చుట్టుకుంటూ, "అయితే అడుగుదాం తియ్యి, అడిగేతందుకు కూలి పోతదా" అని మడిలోకి దిగింది. ఆ ఊరి తీర్మానం మీద మొదటి వేలిముద్ర ఆమెదే.